క్రీడలో శాసనం: ఒక వీడియో ఆట పూర్వోత్తర భాగాల పరిశీలన

ఆటను ఆటగా నిలబెట్టేది నియమం. బల్ల, పావులు, బొమ్మలు కేవలం బాహ్య పరికరాలు. పరికరాలు అవే ఉన్నా నియమం మారితే ఆట స్వభావమే మారిపోతుంది. ఇందుకు చదరంగ చరిత్రను మించిన నిదర్శనం లేదు. మన దేశంలో చతురంగంగా పుట్టి, పారశీకంలో చత్రంగ్‌గా, అరబ్బుల వద్ద షత్రంజ్‌గా పెరిగి ఐరోపా చేరిన ఈ క్రీడలో, మనం తెలుగులో మంత్రి అనీ, ఉర్దూలో వజీర్ అనీ పిలిచే పావు ఒకప్పుడు చాలా దుర్బలమైనది. వంతుకు ఒక్క గడి మాత్రమే, అదీ మూలగా మాత్రమే, కదలగలిగేది. 15వ శతాబ్దం చివరి భాగంలో ఐరోపావారు ఆ పావుకు అన్ని దిక్కులా ఎంత దూరమైనా సాగే అధికారం ఇచ్చారు. అంతవరకు నిదానంగా నడిచిన ఆట ఒక్కసారిగా వేగం పుంజుకున్నది. కొద్ది ఎత్తులలోనే రాజుకు ప్రాణాపాయం ఏర్పడసాగింది. మార్చినది ముఖ్యంగా ఒకటి రెండు పావుల నడక మాత్రమే. కాని దానివలన ఆట యావత్తూ కొత్త రూపు దాల్చింది.

నేటి యువతను ఆకర్షిస్తున్న వీడియో ఆటలలో ఒక శాఖ ఈ చదరంగ వంశానికి చెందినదే. గడులుగా విభజించిన రణరంగం, వంతులవారీగా కదిలే వీరులు, ప్రతి వీరునికి తనదైన నడక, తనదైన శక్తి ఇందులోనూ ఉన్నవి. దీనికి అద్భుతకథ తోడైనది. మంత్రతంత్రాలు, వింత జాతులు, పాతకాలపు రాజ్యాలు వచ్చి చేరినవి. ఆటగాడు తన వీరులకు విద్యలు నేర్పుతూ, ఆయుధాలు సమకూర్చుతూ, వారిని కథ వెంట నడిపిస్తాడు. ఈ కోవకు చెందిన ఒక ఆటను, దాని ఉత్తరభాగాన్ని తీసికొని, రెంటి మధ్య నియమాలు ఎట్లా మారినవో, ఆ మార్పు ఏమి చెబుతున్నదో పరిశీలించడం ఈ వ్యాస ప్రయోజనం. వీడియో ఆటలను కాలహరణంగా భావించే పెద్దలున్నారు. అవే లోకంగా బ్రతికే పిల్లలున్నారు. ఏ పక్షానికీ వకాల్తా పుచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. చదువుకున్నవారు ఏ వస్తువునైనా పరీక్షించి చూడడం మంచిదన్నదే నా అభిప్రాయం.

ఆటల పరిచయం

మొదటి ఆట పేరు ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అడ్వాన్స్’. జపానుకు చెందిన స్క్వేర్ సంస్థ దీనిని 2003 ఫిబ్రవరిలో, నింటెండో వారి గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే, చేతిలో ఇమిడే యంత్రం కోసం విడుదల చేసింది. 1997లో ప్లేస్టేషన్ యంత్రంపై వెలువడిన ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్’కు దర్శకత్వం వహించిన యసుమి మత్సునో దీనికి నిర్మాత. ఉత్తరభాగం ‘ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ ఎ2: గ్రిమ్వార్ ఆఫ్ ది రిఫ్ట్’. అప్పటికి స్క్వేర్, ఎనిక్స్ సంస్థలు విలీనమై స్క్వేర్ ఎనిక్స్‌గా ఏర్పడినవి. ఆ సంస్థ 2007 అక్టోబరులో జపానులోను, 2008 జూన్‌లో అమెరికాలోను, ఐరోపాలోను, రెండు తెరలు గల నింటెండో డి.ఎస్. యంత్రానికి దీనిని అందించింది.

రెండు కథలకూ రంగస్థలం ఇవాలిస్ అనే కల్పిత దేశం. రెంటిలోను ఒక బాలుడు ఒక పాత గ్రంథం మూలంగా తన ఊరి నుండి ఆ దేశానికి చేరుకుంటాడు. అక్కడ ఒక దళంలో చేరి, పనులు ఒప్పుకొని, యుద్ధాలు చేస్తాడు. ఆయుధాన్ని ధరించి, దాని ద్వారా విద్యను అభ్యసించే పద్ధతి కూడా రెంటికీ సమానమే. పైపైన చూసినవారికి ఉత్తరభాగం కొత్త బట్టలు కట్టిన పాత ఆటగానే కనిపిస్తుంది. అసలు భేదం లోపల, ముఖ్యంగా శాసన విధానంలో ఉన్నది.

పూర్వభాగంలో శాసనం

మొదటి ఆటలో ప్రతి యుద్ధానికీ ఒక న్యాయాధికారి హాజరవుతాడు. కవచం తొడిగి, చొకోబో అనే పెద్ద పక్షిపై ఆసీనుడై, రణరంగంలో జరిగే ప్రతి చర్యనూ గమనిస్తుంటాడు. ఆనాటి శాసనం కొన్ని చర్యలను నిషేధిస్తుంది. ఒకనాడు కత్తి పట్టరాదు; మరొకనాడు అగ్నిమంత్రం ప్రయోగించరాదు; ఇంకొకనాడు మంచుమంత్రం కూడదు. పటంపై ఒక చోటి నుండి మరొక చోటికి సాగినకొద్దీ దినాలు గడుస్తవి. దినంతో పాటు శాసనమూ మారుతుంది. కథ ముందుకు పోయినకొద్దీ ఒకేనాడు అమలులో ఉండే నిషేధాల సంఖ్య కూడా పెరుగుతుంది.

నిషేధాన్ని ఉల్లంఘించినవారికి దండన వెంటనే పడుతుంది. ఫుట్‌బాల్ క్రీడలో 1970 ప్రపంచ కప్పు పోటీల నుండి వాడుకలోకి వచ్చిన పసుపు, ఎరుపు కార్డులను ఈ ఆట స్వీకరించింది. తొలి తప్పుకు పసుపు కార్డు. దానితో జరిమానా వంటి నష్టం. తప్పు పునరావృతమైతే, లేదా నిషిద్ధమైన చర్యతోనే ప్రత్యర్థిని పడగొట్టితే, ఎరుపు కార్డు. ఎరుపు కార్డు అందుకున్న వీరుడు ఉన్నపాటున రణరంగం నుండి చెరసాలకు పోతాడు. తరువాత అతనిని విడిపించుకోవడానికి సొమ్ము కట్టవలసి ఉంటుంది. కథానాయకుడైన మార్ష్ ఎరుపు కార్డు పొందితే ఆట అక్కడితో సరి.

ఇంత కఠినమైన విధానం ఆటగాళ్లకు చికాకు కలిగించిందంటే ఆశ్చర్యం లేదు. అలవాటు చొప్పున కత్తి దూసిన వీరుడు చెరసాల పాలవుతాడు. నిన్న మెప్పు పొందిన పని నేడు నేరమవుతుంది. ‘కత్తి ఎందుకు పట్టరాదు?’ అని అడిగేందుకు తావు లేదు. నిషేధం ఉన్నది, కారణం లేదు.

అయినప్పటికీ ఈ విధానంలో గమనింపదగిన గుణాలు కొన్ని ఉన్నవి. మొదటిది, ముందెరుక. రానున్న దినాల శాసనాలను ఆటగాడు ముందుగానే చూచుకోవచ్చు. తన బలానికి అనుకూలమైన దినాన్ని ఎంచుకొని యుద్ధానికి దిగవచ్చు. రెండవది, ప్రోత్సాహం. కొన్ని చర్యలను శాసనం నిషేధించినట్లే మరికొన్నింటిని అభినందిస్తుంది. అభినందనీయమైన చర్య చేసినవారికి న్యాయాంకాలు లభిస్తవి. వాటిని కూడబెట్టి విశేష ప్రయోగాలకు వాడుకోవచ్చు. మూడవదీ అతి ముఖ్యమైనదీ సమానత్వం. ఆ శాసనం ఆటగాని దళానికి ఎంత వర్తిస్తుందో ప్రత్యర్థులకూ అంతే వర్తిస్తుంది. అగ్నిమంత్రం నిషిద్ధమైననాడు ఎదుటి పక్షపు మాంత్రికుడు కూడా దానిని ప్రయోగిస్తే కార్డు అందుకుంటాడు, చెరసాలకూ పోతాడు. కనుక తెలివి గల ఆటగానికి శాసనం సంకెల మాత్రమే కాదు, డాలు కూడ.

ఆ డాలు విలువ జగ్ద్ అనే ప్రాంతాలకు వెళ్లినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ న్యాయాధికారి ఉండడు, నిషేధాలూ ఉండవు. తొలుత అది స్వర్గంగా తోచవచ్చు. కాని మిగిలిన చోట్ల యుద్ధంలో పడిపోయిన వీరుడు యుద్ధానంతరం తిరిగి లేస్తాడు. జగ్ద్‌లో యుద్ధం ముగిసేనాటికి పడి ఉన్నవాడు శాశ్వతంగా పోతాడు. ఎన్నో గంటల శ్రమతో తీర్చిదిద్దిన వీరుడు ఒక్క అజాగ్రత్తతో దక్కకుండా పోతాడు. శాసనం లేని చోట స్వేచ్ఛతో పాటు రక్షణ కూడా ఉండదని ఏ ఉపన్యాసమూ లేకుండానే ఈ ఆట ఆటగానికి నేర్పుతున్నది.

కథకు శాసనానికి గల సంబంధం

పూర్వభాగంలో శాసనం కేవలం ఆట మెలిక కాదు; అది కథలోని అంతరార్థంతో ముడిపడి ఉన్నది. మార్ష్, అతని తమ్ముడు డోనెడ్, స్నేహితులు రిట్జ్, మ్యూట్ ఒక చిన్న ఊరి పిల్లలు. డోనెడ్ నడవలేని రోగి. మ్యూట్ తల్లిని కోల్పోయినవాడు, తోటివారి వెక్కిరింతకు గురి అయ్యేవాడు. భార్యావియోగంతో క్రుంగిపోయిన అతని తండ్రి సిడ్‌కు ఊరిలో గౌరవం లేదు. గ్రంథ మహిమ వలన ఊరు ఇవాలిస్‌గా మారినప్పుడు డోనెడ్ నడవగలుగుతాడు. మ్యూట్ రాజకుమారుడవుతాడు, అతని తల్లి రాణిగా తిరిగి వస్తుంది, తండ్రి న్యాయాధికారులందరికీ అధిపతి అవుతాడు. అనగా, నిజ జీవితంలో ఎవరి మాటా చెల్లని ఇంటివారి నోటి మాట అక్కడ శాసనమవుతుంది.

ఈ కోణం నుండి చూస్తే ఆ శాసనాలకు కారణం కనిపించకపోవడానికి కూడ ఒక అర్థం ఉన్నది. అవి ఒక గాయపడిన పసిమనస్సు కోరుకున్న లోకానికి కావలి కాస్తున్నవి. ఆ లోకాన్ని విడిచి నిజమైన ఊరికి తిరిగి పోవాలన్న మార్ష్ నేరస్థుడవుతాడు. ఆటగాడు అనుభవించే చికాకు, కథానాయకుడు ఎదుర్కొనే నిర్బంధం ఒకటే. ఎజెల్ అనే పాత్ర తయారు చేసే కార్డులతో అమలులో ఉన్న శాసనాన్ని రద్దు చేసే వీలు మార్ష్‌కు లభించడం కూడ ఈ కథాక్రమంలో సహజంగా ఇమిడిపోయింది.

ఉత్తరభాగంలో శాసనం

ఉత్తరభాగపు నిర్మాతలు ఈ విధానాన్ని విడువలేదు. కాని దాని వెన్నెముకను మార్చివేశారు. ఇందులో కథానాయకుడు లూసో. బడిలో అల్లరి చేసినందుకు శిక్షగా, వేసవి సెలవులకు ముందు గ్రంథాలయం శుభ్రం చేయడానికి నియమింపబడిన విద్యార్థి. గ్రంథాలయ ప్రవేశమే శిక్షగా గల విద్యార్థులు ప్రపంచమంతటా ఉన్నారన్నమాట! అక్కడి ఒక గ్రంథంలో తన పేరు వ్రాసి ఇవాలిస్‌లో, సరిగా ఒక పోరాటం నడుమ, వెళ్లి పడతాడు. అతనిని కాపాడడానికి దళనాయకుడైన సిడ్ చూపిన ఉపాయం, న్యాయాధికారి ఎదుట ప్రమాణం చేయించి దళంలో చేర్చుకోవడం. ఈ సిడ్ వేరు, పూర్వకథలోని సిడ్ వేరు. ప్రమాణం చేసిన క్షణం నుండి లూసోకు శాసన రక్షణ లభిస్తుంది.

ఇక్కడే మార్పు తేటపడుతున్నది. పూర్వభాగంలో శాసనం పైనుండి దిగివచ్చిన ఆజ్ఞ. ఉత్తరభాగంలో అది దళానికి, న్యాయాధికారికి మధ్య కుదిరిన ఒప్పందం. యుద్ధానికి ముందు ఆటగాడు ఒక ప్రత్యేక సౌకర్యాన్ని తానే కోరుకుంటాడు. వేగం పెరగడం, దాడిబలం పెరగడం, అనుభవాంకాలు ఎక్కువగా రావడం మొదలైనవి ఇట్టి సౌకర్యాలు. దానికి బదులుగా ఆ యుద్ధానికి నిర్ణయించిన శాసనాన్ని పాటించాలి. శాసనం భంగమైతే న్యాయాధికారి నిష్క్రమిస్తాడు, సౌకర్యం రద్దవుతుంది. ఆ యుద్ధం ముగిసేవరకు పడిపోయిన వీరులను తిరిగి లేపే అవకాశమూ పోతుంది. అంతకుమించి కార్డులు లేవు, చెరసాల లేదు, కథానాయకుడు పొరబడినంత మాత్రాన ఆట ముగియదు.

దీనివలన ఆట సుగమమైనది. తప్పు చేసినవాడు కూడ ఆ యుద్ధాన్ని కష్టపడి గెలువవచ్చు. కొందరు ఆటగాళ్లు కావాలనే శాసనాన్ని ఉల్లంఘించి, ‘సౌకర్యం పోతే పోనీ, గెలుపు ముఖ్యం’ అని లెక్క వేసుకోవచ్చు. ఆట వారిని నేరస్థులుగా చూడదు. బేరం తప్పినవారిగా మాత్రమే చూస్తుంది.

శిక్ష మెత్తబడినా శాసనాలు మాత్రం అన్నివేళలా న్యాయంగా లేవు. దెబ్బ తిన్నవాడు వెనుకకు నెట్టబడరాదన్నది అట్టి వాటిలో ఒకటి. బలమైన దెబ్బ యాదృచ్ఛికంగా తగిలినప్పుడు ఎదుటివాడు వెనుకకు జరగడం ఆటగాని ఇష్టానిష్టాలపై ఆధారపడినది కాదు. చేతిలో లేనిదానికి బాధ్యత వహించవలసి రావడం పూర్వభాగపు కాఠిన్యం కన్న ఒక్కొక్కప్పుడు ఎక్కువ బాధిస్తుంది.

అన్నింటికన్న పెద్ద మార్పు మరొకటి. ఉత్తరభాగంలో శాసనం ఆటగాని దళానికి మాత్రమే వర్తిస్తుంది. ప్రత్యర్థులు దానికి కట్టుబడి ఉండనవసరం లేదు. మనకు నిషిద్ధమైన మంత్రాన్ని వారు మన ఎదుటనే ప్రయోగిస్తారు. న్యాయాధికారి చూస్తూ ఊరుకుంటాడు. ఒప్పందం మనతో చేసికొన్నదే గాని వారితో కాదు కదా అని సమాధానం చెప్పవచ్చు. తర్కానికి అది నిలుస్తుంది. కాని ‘శాసనం’ అన్న మాటకు మనం ఇచ్చుకునే గౌరవం అక్కడ నిలువదు.

మంత్రశక్తి లెక్క

శాసనం తరువాత చెప్పుకోదగినది మంత్రశక్తి పంపకం. పూర్వభాగంలో మాంత్రికుడు నిండు ఖజానాతో యుద్ధంలో ప్రవేశిస్తాడు. మొదటి వంతులోనే తన వద్ద ఉన్న పెద్ద మంత్రాన్ని ప్రయోగించి ఎదుటివారిని చెల్లాచెదరు చేయవచ్చు. ఉత్తరభాగంలో అందరి మంత్రశక్తీ యుద్ధారంభంలో సున్నా. ప్రతి వంతుకూ 10 చొప్పున పెరుగుతుంది. చిన్న మంత్రం వేయదలచినవాడు వెంటనే వేయగలడు. పెద్ద మంత్రం కావలసినవాడు రెండు మూడు వంతులు ఓపిక పట్టి కూడబెట్టాలి.

ఈ చిన్న లెక్క యుద్ధపు నడకనే మార్చివేసింది. ఆరంభంలో తేలికపాటి ప్రయోగాలు, మధ్యలో బలప్రదర్శన, చివర మహామంత్రాలు అన్న క్రమం ఏర్పడింది. మాంత్రికుని కాపాడుకుంటూ కాలం గడపడం ఒక వ్యూహమైనది. మరొక ఫలితం కూడ ఉన్నది. ఎంతో మంత్రశక్తిని నిలువ చేసికోగల ప్రవీణుడు, నిన్న నేర్చిన శిష్యుడు ఒకే సున్నాతో మొదలిడుతారు, ఒకే 10తో పెరుగుతారు. పెద్ద పాత్ర ఉన్నంత మాత్రాన నీరు త్వరగా నిండదు గదా! అందువలన పూర్వం ప్రవీణునికి ఉన్న ఆధిక్యం చాలావరకు తగ్గిపోయింది. మంత్రశక్తికి బదులు తన ప్రాణబలాన్నే చెల్లించి మంత్రం వేసే విద్యను కూడ నిర్మాతలు ఉంచారు. నిరీక్షణ సహించలేనివాడు తన ఒంటి నెత్తురుతో వెల కట్టుకోవాలన్నమాట.

ఇతర మార్పులు

మిగిలిన మార్పులను సంగ్రహంగా చెప్పవచ్చు. పూర్వభాగంలో హ్యూమ్, బంగా, నూ మౌ, వియెరా, మూగుల్ అనే 5 జాతులుండగా, ఉత్తరభాగంలో సీక్, గ్రియా అనే రెండు జాతులు చేరి 7 అయినవి. రెక్కలు గల గ్రియాల రాకతో ఎత్తుపల్లాల రణరంగంలో కొత్త వ్యూహాలకు వీలు కలిగింది. వీరులు అభ్యసింపగల వృత్తులు 34 నుండి 50కి పైగా పెరిగినవి. పూర్వభాగంలో దేశపటంపై ప్రాంతాలను ఎక్కడెక్కడ నిలపాలో ఆటగాడే నిర్ణయించేవాడు. ఉత్తరభాగంలో ఆ స్వాతంత్ర్యం తొలగి పటం స్థిరపడింది. దానికి బదులు ప్రాంతాలపై ఆధిపత్యం కోసం దళాలు వేలంపాటలో పోటీపడే ఏర్పాటు వచ్చింది.

బజారు పద్ధతి మరొక విశేషం. యుద్ధాలలో దొరికిన ముడిసరుకును బజారులో తగిన జోడింపులతో అప్పగిస్తే కొత్త ఆయుధాలు అంగడిలో అమ్మకానికి వస్తవి. విద్యలు ఆయుధాల ద్వారానే అలవడుతవి గనుక, బజారు లెక్క తెలిసినవానికే విద్య త్వరగా అబ్బుతుంది. ఇందులో ఆసక్తి ఉన్నది, కాని శ్రమ కూడ ఉన్నది. కావలసిన సరుకు దొరకక, కావలసిన ఆయుధం రాక, చిన్న చిన్న యుద్ధాలు పదేపదే చేయవలసి వస్తుంది.

తులనాత్మక విచారణ

ఇంతవరకు చూచిన దానిని బట్టి ఏ భాగం మేలైనదని చెప్పాలి? హాయిగా ఆడుకోవడానికి ఉత్తరభాగమే మేలు. అందులోని శిక్ష తప్పుకు తగినంతలో ఉన్నది. కాని అర్థగౌరవం దృష్ట్యా నేను పూర్వభాగానికే పెద్దపీట వేస్తాను. అందులో నియమం కథను మోసింది, కథ నియమాన్ని మోసింది. ఉత్తరభాగంలో శాసనాన్ని తొలగించినా లూసో సాహసయాత్రకు పెద్దగా లోటు రాదు.

ఏ నియమాన్నైనా పరీక్షించడానికి మూడు ప్రశ్నలు చాలునని నాకు తోస్తున్నది. పాటించవలసినవారికి అది ముందుగా తెలిసినదా? అది అందరికీ సమానంగా వర్తిస్తున్నదా? ఉల్లంఘనకు విధించే శిక్ష తప్పుకు తగినంతగా ఉన్నదా? పూర్వభాగం మొదటి రెండు ప్రశ్నలలో ఉత్తీర్ణమై మూడవదానిలో తప్పింది. ఉత్తరభాగం మొదటిదానిలో, మూడవదానిలో ఉత్తీర్ణమై రెండవదానిలో తప్పింది. ఆటగాళ్ల ఫిర్యాదు శిక్షను గురించి. నిర్మాతలు శిక్షను సరిదిద్దుతూ సమానత్వాన్ని వదులుకున్నారు. ఒక దోషాన్ని దిద్దేటప్పుడు దాని ప్రక్కనున్న గుణాన్ని పోగొట్టుకోరాదని ఈ ఉదాహరణ హెచ్చరిస్తున్నది.

నాలుగవ ప్రశ్న కూడ ఒకటి ఉన్నది: ఆ నియమానికి కారణం ఏమిటి? దీనికి రెండు ఆటలూ నేరుగా సమాధానం చెప్పవు. ఆటకు అది చెల్లవచ్చు. విద్యాలయంలో, కుటుంబంలో, సంఘంలో అది చెల్లదు.

విద్యార్థి మిత్రులకు నా సూచన ఒక్కటే. ఆడే ఆటను ఆలోచిస్తూ ఆడండి. ఈ నియమం ఎందుకు పెట్టారు, దీనివలన ఎవరికి బలం, ఎవరికి బలహీనత, తరువాతి భాగంలో దీనిని ఎందుకు మార్చారు అని ప్రశ్నించుకోండి. చట్టం చదివేవారికి, పాలనాశాస్త్రం చదివేవారికి, గణితం చదివేవారికి కూడ ఇందులో పాఠాలు ఉన్నవి. ఇక నియమాలు రూపొందించే బాధ్యతలో ఉన్న పెద్దలకు సవినయంగా మనవి చేసేదేమంటే, శిక్ష కొంచెం కఠినమైనా యువకులు ఓర్చుకుంటారు. ఎదుటివానికి వర్తించని నియమం తమకు మాత్రమే వర్తించడాన్ని వారు ఓర్చుకోలేరు. శిక్షను తగ్గించినప్పుడు సమానత్వం కూడ తగ్గిపోకుండా చూడడం నియమకర్తల ప్రథమ కర్తవ్యం.